చప్పుడు చేయని కార్డు

ఫిర్యాదుల విభాగం వారికి,
నమస్కారం.

మీ సంస్థ తయారుచేసిన గ్రాఫిక్స్ కార్డు ఒకటి పోయిన నెల కొన్నాను. పనిచేస్తోంది. కానీ చప్పుడు చేయడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఫోన్ చేశాను. శబ్దం ఎక్కువైతే ఒకటి నొక్కమని, వేడి ఎక్కువైతే రెండు నొక్కమని, వెలుగు ఎక్కువైతే మూడు నొక్కమని ఒక గొంతు చెప్పింది. తక్కువకి అంకె లేదు. మనిషి కావాలంటే తొమ్మిది నొక్కమంది. నొక్కాను. పాట వచ్చింది.

విషయం ఇది. మా ఆవిడ ఇంట్లోనే కూర్చుని భవనాల బొమ్మలు చేసేది. ఇంజనీర్లు ప్లాన్లు పంపితే, కట్టని ఇంటిని కట్టినట్టు గోడలు, కిటికీలు, మెట్ల మీద పడే ఎండతో సహా కంప్యూటర్లో చూపించేది. ఆ పని కోసం తొమ్మిదేళ్ళ కిందట మీ కార్డే కొంది. పని నడుస్తున్నంతసేపూ దాని ఫ్యాను టరటరమని మోగేది. ముందు గదిలోకి వినిపించేది.

ఆమె ఇప్పుడు లేదు. నేను రోజూ మధ్యాహ్నం ఆ కంప్యూటరు ఆన్ చేసి, ముందు గదిలో కూర్చుని పేపరు చదువుకుంటాను. ఆ చప్పుడు ఉంటేనే చదవగలను.

రెండు నెలల కిందట ఆ కార్డు కాలిపోయింది. మా వీధి చివర రిపేరు షాపాయన వచ్చి చూశాడు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టరు ఉంటుంది కనక అందరూ ఆయన్ని టెస్టరనే పిలుస్తారు. "అయ్యగారూ, దీని పని అయిపోయింది. దీని మనవడు బజార్లోకి వచ్చాడు, వాణ్ణి వేద్దాం" అన్నాడు. వేశాడు. బొమ్మ దివ్యంగా ఉంది. గదిలోంచి చప్పుడు లేదు.

నాకు బొమ్మ అక్కర్లేదు. చప్పుడు కావాలి. పాత కార్డులా చప్పుడు చేసే కార్డు పంపగలరు.

ఇట్లు,
మీ కార్డు కొని చెవి రిక్కించి కూర్చున్న
ఒక రిటైర్డ్ తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు

తా.క.: పెట్టె మీద బరువు 1100 గ్రాములని వేశారు. తూచాను. 1106 ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఎక్కువ తూగిన సరుకు చూడలేదు. అభినందనలు.

* * *

గౌరవనీయులైన ఇన్‌స్పెక్టరు గారికి,
మూడో బల్ల అనేక నమస్కారాలు.

మా విభాగానికి కాగితం మీద ఉత్తరం వచ్చి ఆరేళ్ళయిందండీ. మీది రాగానే అందరూ చుట్టూ మూగారు. ఉత్తరానికి ఉత్తరంతోనే జవాబివ్వాలని మా నిబంధనల పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం దొరకడానికి రెండు రోజులు, కవరు దొరకడానికి మూడు రోజులు పట్టింది. ఆలస్యానికి మన్నించాలి.

మా కార్డు శబ్దం వల్ల తమకు కలిగిన అసౌకర్యానికి చాలా చింతిస్తున్నాం. మా ఫారంలో "శబ్దం" అనే వరుసలో ఒకే ఒక్క గడి ఉంది, "ఎక్కువ" అని. దాంట్లో టిక్కు పెట్టి తమ ఫిర్యాదు నమోదు చేసుకున్నాం.

తమ రెండు కార్డుల పోలిక పట్టిక జతచేశాను. పాతదాని మెమరీ రెండు జీబీ, కొత్తదానికి ఎనిమిది. పాతది సెకనుకి ముప్ఫై బొమ్మలు చూపిస్తే కొత్తది రెండు వందల నలభై చూపిస్తుంది. పాతదాని చప్పుడు ఇరవై నాలుగు డెసిబెల్స్. కొత్తది తేలికపాటి పనుల్లో సున్నా! అయినా తమకు వినిపిస్తోందంటే తమ చెవులు ఎంత చురుకైనవో అని మా ఇంజనీరు గారు ఆశ్చర్యపోయారు.

ఆ మిగిలిన చప్పుడు కూడా పోవడానికి పన్నెండు రబ్బరు ఉంగరాలు పంపుతున్నాను. మరలకి తొడిగితే చాలు. శ్రీమతి గారు ఇంట్లో లేరని రాశారు. ఊరి నుంచి తిరిగి రాగానే ఆవిడ చేతే తొడిగించండి. వాడేవారికే తేడా తెలుస్తుంది.

ఇట్లు,
తమ చెవుల సుఖం కోరే
ఫిర్యాదుల అధికారిణి, మూడో బల్ల

తా.క.: కొత్త కార్డులో మెమరీ నాలుగు రెట్లండీ! పాతదాన్ని ఇట్టే మరిచిపోతారు.

* * *

మూడో బల్ల వారికి,
నమస్కారం.

నా ఉత్తరం మీరు తలకిందులుగా చదివారు. చప్పుడు ఎక్కువైందని నేను రాయలేదు. లేదని రాశాను.

మీ పట్టిక చూశాను. మెమరీ ఎనిమిది అంటున్నారు. నాకు పాత రెండే ఎక్కువగా ఉంది. పాత కార్డు పొడవు పదిహేడు సెంటీమీటర్లు. కొత్తది ముప్ఫై ఒకటి. కంప్యూటరు పెట్టెలో పట్టకపోతే టెస్టరు లోపలి రేకు కోశాడు. పాతది డెబ్బై అయిదు వాట్ల కరెంటు బోర్డులోంచే తీసుకుని తన పని తాను చేసుకునేది. కొత్తదానికి రెండు వందల ఇరవై కావాలి, అది కూడా రెండు విడి వైర్లతో. అత్తారింటికొచ్చిన కొత్తల్లుడికి వేరే వడ్డన చేసినట్టుంది. పాతదానికి ఫ్యాను ఒకటి, ఎప్పుడూ తిరిగేది. కొత్తదానికి మూడు, ఏదీ తిరగదు. ఒకరి పనికి ముగ్గుర్ని వేస్తే ఎవరూ చేయరన్న సంగతి మా ఆఫీసులో మీకంటే ముందే కనిపెట్టాం.

రంగుదీపాల సంగతి పట్టికలో రాయలేదు. పాతదానికి లేవు. కొత్తదానికి ఏడు రంగులు ఉన్నాయి. ఆమె గది బట్టలకొట్టు ప్రారంభోత్సవంలా ఉంది.

ఇవేవీ నా ఫిర్యాదు కాదు. చప్పుడు ఒక్కటే. అక్కడ మీ లెక్క కూడా తప్పు. పాతది ఇరవై నాలుగని రాశారు. నలభై ఒకటి. ఇంట్లో ప్రతిదీ కొలిచే అలవాటు నాది. రెండుసార్లు కొలిచాను. బరువులో ఉన్న నిజాయితీ చప్పుడులో లేదు.

రబ్బరు ఉంగరాలు మరలకి పట్టలేదు. కుర్చీ కాళ్ళకి తొడిగాను. ఇప్పుడు కుర్చీ కూడా కిర్రుమనడం లేదు. ఇంట్లో మిగిలిన చప్పుళ్ళలో అదొకటి. దయచేసి ఇంకేమీ పంపకండి.

మా ఆవిడ ఊరికి వెళ్ళలేదు. తిరిగి రాదు.

ఇట్లు,
పన్నెండు ఉంగరాల యజమాని

తా.క.: స్టాంపు కవరుకి ముందువైపు, కుడి పైమూల అంటిస్తారు. మీరు వెనక నాలుగు మూలలా అంటించారు. ఉత్తరం చేరినందుకు తపాలావారిని మెచ్చుకోవాలి.

* * *

గౌరవనీయులైన ఇన్‌స్పెక్టరు గారికి,
నమస్కారాలు.

తమ ఉత్తరం చదివి మనసు చివుక్కుమంది. కార్డు గురించి తర్వాత రాస్తాను. ముందు ఒక మాట, చిన్నదాన్ని, తప్పుగా అనుకోకండి.

ఏ కాపురంలో లేవండీ గొడవలు? పోయిన ఏడాది మా ఆయనా నేనూ పదకొండు రోజులు మాట్లాడుకోలేదు. పన్నెండో రోజు గ్యాసు అయిపోయింది. ఎవరో ఒకరు చెప్పాలి కదా! నేనే నోరు విప్పాను. అంతే, మంచులా కరిగిపోయింది. "తిరిగి రాదు" అని అంత కచ్చితంగా రాసేశారు గానీ, పంతానికి పోతే మిగిలేది గోడలే. పెద్దవారు, మీరే ఒక మెట్టు దిగండి.

ఇక కార్డు. ఉంగరాలతో కూడా చప్పుడు తగ్గలేదని తెలిసి మా పెద్దాయన స్వయంగా కలగజేసుకున్నారు. తమ ఫిర్యాదుని "తీవ్రం" నుంచి "అతితీవ్రం"లోకి మార్చారు. దాని ఫలితంగా మా సరికొత్త నమూనా "మౌని"ని తమకు ఉచితంగా పంపుతున్నాం. ఇది ఇంకా బజార్లోకి రాలేదండీ. దీనికి ఫ్యాన్లే లేవు. ఒళ్ళంతా లోహపు రెక్కలే. మెమరీ పదహారు జీబీ, పొడవు ముప్ఫై ఆరు సెంటీమీటర్లు. దీని పక్కన సూది కింద పడేస్తే సూది చప్పుడే వినిపిస్తుందట. మా ఇంజనీరు గారు పడేసి చూశారు. సూది ఇంకా దొరకలేదు.

ఇట్లు,
తమ ఇంటి శాంతిని మనసారా కోరే
మూడో బల్ల

తా.క.: ఆవిడ తన కంప్యూటరు ఇంట్లోనే వదిలి వెళ్ళారంటే తిరిగి వస్తారనే అర్థం. ఆడవాళ్ళు పని సామాను వదిలేసి శాశ్వతంగా వెళ్ళరండీ. నా మాట నమ్మండి.

* * *

మూడో బల్ల వారికి,
నమస్కారం.

మౌని వచ్చింది. ఇద్దరు మోసుకొచ్చారు.

టెస్టరు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "అయ్యగారూ, దీన్ని కంప్యూటర్లో పెట్టలేం. కంప్యూటర్నే దీంట్లో పెట్టాలి" అన్నాడు. కాసేపు ఆలోచించి, "పోనీ తలుపుకి అడ్డంగా పెట్టుకుంటారా? గాలికి కొట్టుకోదు" అన్నాడు. వద్దన్నాను. తలుపు కొట్టుకోవడం కూడా ఒక చప్పుడే.

సాయంత్రం మా మరదలు వచ్చింది. ఆవిడ మా ఆవిడ చెల్లెలు. నెలకోసారి వచ్చి వంటింట్లో డబ్బాలు చూసి వెళుతుంది.

"ఈ ఇనప దిమ్మ ఏంటి బావగారూ?"

"గ్రాఫిక్స్ కార్డు."

"ఏం చేస్తుంది?"

"ఏమీ చేయదు. అదే దీని గొప్ప."

"ఇంకా ఏమైనా చెప్పండి బావగారూ."

"బరువు ఇరవై రెండు కిలోల మూడు వందల నలభై."

ఆవిడ డబ్బాలు చూడడానికి వెళ్ళిపోయింది.

మీ సలహా చదివాను. ఒక సంగతి తేటగా రాయాలి. మా ఆవిడ చనిపోయింది. పోయిన ఏడాది. "లేదు" అని రాస్తే తెలుస్తుందనుకున్నాను. తప్పు నాది. అస్పష్టంగా రాసిన కొలతకి నేనే జరిమానా వేసేవాణ్ణి.

నాకు మౌని వద్దు. ఉన్న నిశ్శబ్దం చాలు. పాత కార్డులా మోగే కార్డు ఉంటే పంపండి. లేకపోతే లేదని ఒక ముక్క రాయండి. ఈసారి "లేదు" అంటే నాకు అర్థమవుతుంది.

ఇట్లు,
మౌనికి తాత్కాలిక కాపలాదారు

తా.క.: మెట్టు దిగమన్నారు. మాది నేల మీద ఉన్న ఒకే ఒక్క వాటా. మెట్లు లేవు.

* * *

ఇన్‌స్పెక్టరు గారికి,
నమస్కారం.

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

తమ ఉత్తరం చదివాక నేను రాసిన రెండింటి నకళ్ళూ తీసి చదువుకున్నాను. గ్యాసు సంగతి దగ్గరికి వచ్చేసరికి ఫైలుతో మొహం కప్పుకున్నాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను.

ఊరుకోబుద్ధి కాక తమ సంగతి మీటింగులో పెట్టాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

"ఒక కస్టమరు గారికి చప్పుడుతో ఇబ్బందిగా ఉంది సార్."

"ఎక్కువైందా?" అన్నారు పెద్దాయన.

"తక్కువైంది సార్."

"అయితే అది ఫిర్యాదు కాదమ్మా, ప్రశంస. ప్రశంసల ఫైల్లో పెట్టు. ఆ ఫైలు ఖాళీగా ఉంది."

అంతలో అమ్మకాల ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఆగండాగండి! చప్పుడు కావాలని ఒకరు కాగితం మీద రాశారంటే, రాయని వాళ్ళు లక్షమంది ఉంటారు. చప్పుడు మళ్ళీ పెడదాం. 'స్మృతి మోడ్' అని పేరు పెడదాం. ప్రీమియం!"

మా ఇంజనీరు గారికి ఏడుపొక్కటే తక్కువ. "తొమ్మిదేళ్ళుగా ఆ చప్పుడు తీసేయడమే నా ఉద్యోగం. పిల్ల పెళ్ళి చూపులకి కూడా సెలవు పెట్టకుండా తీసేశాను. ఇప్పుడు మళ్ళీ పెట్టమంటారా?"

"పెట్టడానికి తొమ్మిదేళ్ళు పట్టదులే" అన్నారు పెద్దాయన.

చివరికి తేలిందేమిటంటే, తమ పాత కార్డు పంపితే ప్రయోగశాలలో దానికి కరెంటిచ్చి, చప్పుడు విని, అచ్చం అలాగే మోగే ఫ్యాను కొత్త కార్డుకి బిగించి ఇస్తారు. వాళ్ళకి కావలసింది స్మృతి మోడ్. నాకు కావలసింది తమరు పేపరు చదువుకోవడం. వినడానికి మాత్రమేనని నా పూచీ. పంపుతారా?

ఇట్లు,
సిగ్గుతో
మూడో బల్ల

తా.క.: మా ఫారంలో "శబ్దం తక్కువ" అనే కొత్త గడి కోసం దరఖాస్తు పెట్టాను. ఆమోదం రావడానికి పద్దెనిమిది నెలలు పడుతుందట. దరఖాస్తు ఫారంలో "కొత్త గడి" అనే గడి లేకపోవడం వల్ల.

* * *

మూడో బల్ల వారికి,
నమస్కారం.

క్షమించడానికేమీ లేదు. మీ గ్యాసు సంగతి రెండుసార్లు చదివాను.

కార్డు పంపుతున్నాను. టెస్టరు దీనికి ప్రాణం పోయడానికి ప్రయత్నించి, కరెంటు తీసుకునే భాగమే కాలిందని, తన చేతిలో లేదని చెప్పాడు. మీ దగ్గర ఫ్యాను తిరిగితే చాలు.

దెబ్బ తగలకుండా ఆమె చలికాలంలో కప్పుకునే శాలువాలో చుట్టాను. కార్డు బరువు 412 గ్రాములు. వినండి. విప్పకండి. తుడవకండి. బాగుచేయకండి. నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు కొట్లలోంచి తూకంరాళ్ళు పట్టుకెళ్ళి పరీక్షించాను. పట్టుకెళ్ళినది పట్టుకెళ్ళినట్టు తిరిగివ్వడం ఆ ఉద్యోగంలో మొదటి పాఠం. మీ ఉద్యోగంలోనూ అంతే అనుకుంటున్నాను.

పంపేముందు మూడు రోజులు ఆలోచించాను. మీరు తప్పు ఒప్పుకున్నారు. తప్పు ఒప్పుకున్న కొట్టువాడు రెండోసారి తప్పు తూచడు. అందుకే పంపుతున్నాను.

ఇట్లు,
412 గ్రాముల సొంతదారు

తా.క.: మీ అమ్మకాల ఆయనకి చెప్పండి. నాకు కావలసింది మోడ్ కాదు, మోత.

* * *

ప్రియాతిప్రియమైన కస్టమరు గారికి,
నాలుగో బల్ల నుంచి శుభాకాంక్షలు!!

మూడో బల్ల మేడం గారు వారం రోజులు సెలవులో ఉన్నందున తమ పార్సిలు నేను విప్పాను సార్. చెప్పడానికి ఆనందంగా ఉంది. తమ కార్డు బతికింది! కాలిపోయిన భాగం మార్చేశాం. కొత్తదానిలా బొమ్మ చూపిస్తోంది. పైసా తీసుకోలేదు.

అంతేకాదు సార్, అసలు శుభవార్త ఇంకా ఉంది. ఫ్యాను తిప్పగానే ఒక దరిద్రపు మోత వచ్చింది. ప్రయోగశాలలో అందరూ చెవులు మూసుకున్నారు. తమరు ఇన్ని ఉత్తరాలు ఎందుకు రాశారో అప్పుడు అర్థమైంది. కారణం కనిపెట్టాం. ఫ్యాను రెక్కలకి ఏదో చెత్త తగులుతోంది. తీసేశాం. లోపలా బయటా శుభ్రంగా తుడిచాం. ఇప్పుడు చీమ నడిచినంత చప్పుడు కూడా రాదు. పదకొండు పరీక్షలు నెగ్గింది. తమ ఫిర్యాదు పూర్తిగా పరిష్కరించబడింది. దయచేసి మాకు అయిదు నక్షత్రాలు ఇవ్వగలరు.

ఇట్లు,
తమ చిరునవ్వే తన జీతం అనుకునే
నాలుగో బల్ల

తా.క.: శాలువా కూడా ఉతికించి ఇస్త్రీ చేయించాం సార్. బాగా వాడిన వాసన వస్తుంటే.

* * *

మూడో బల్ల వారికి.

కార్డు అందింది. చప్పుడు లేదు.

పంపినది 412 గ్రాములు. వచ్చినది 411. ఆ ఒక్క గ్రాము పంపండి. దుమ్మయితే దుమ్మే పంపండి.

ఇట్లు,
ఇన్‌స్పెక్టరు

తా.క.: శాలువా గురించి ఏమీ రాయను.

* * *

ఇన్‌స్పెక్టరు గారికి,
నమస్కారం.

ఇవాళే సెలవు నుంచి వచ్చాను. మా అమ్మకి ఒంట్లో బాగాలేక వెళ్ళాను. బల్ల మీద తమ ఉత్తరం ఉంది. చదివి నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే నాలుగో బల్ల దగ్గరికి వెళ్ళాను.

"ఏమయ్యా, విప్పకండి, తుడవకండి అని ఆయన అంత స్పష్టంగా రాశారు కదా?"

"రాశారండీ. కానీ ఫారంలో 'బాగుచేయకూడదు' అనే గడి లేదు కదండీ. అందుకని బాగుచేశాను."

"శాలువా ఎందుకు ఉతికించావు?"

"అది ఫారంలో లేదండీ. నా సొంత ఆలోచన."

కొట్టలేదు. కొట్టినంత పని చేశాను. తర్వాత ఇంజనీరు గారిని వెంటబెట్టుకుని ప్రయోగశాల చెత్తడబ్బాలు మొత్తం నేల మీద బోర్లించాం. నా చీర కొంగు నిండా దుమ్ము. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని వైరు ముక్కలు ఏరుతుంటే పెద్దాయన అటు వచ్చి, చూసి, ఏమీ చూడనట్టు వెళ్ళిపోయారు. నాలుగో డబ్బాలో దొరికింది. ఆ పోయిన సూది కూడా దొరికింది.

తమ గ్రాము ఇందులో జతచేశాను. అది దుమ్ము కాదండీ. నాలుగు మడతలు పెట్టిన దళసరి కాగితం. చివర సన్నని కుట్టుదారం ముక్క కట్టి ఉంది, కార్డు ఊడదీసినప్పుడు తెగినట్టుంది. ఇంజనీరు గారు దాన్ని తమ కార్డులాంటి ఇంకో పాత కార్డులో పెట్టి చూపించారు. దారం వదులు చేస్తే కాగితం జారి ఫ్యాను రెక్కలకి తగులుతుంది. టరటరమని మోగుతుంది. దారం లాగితే పక్కకి తప్పుకుంటుంది. చప్పుడు ఆగిపోతుంది. పిల్లలు సైకిలు చక్రానికి అట్టముక్క పెట్టి మోటారు సైకిలని తిరుగుతారే, అదే పద్ధతట. మా పట్టికలో ఇరవై నాలుగు డెసిబెల్స్ నిజమే. తమరు కొలిచిన నలభై ఒకటీ నిజమే. మిగతా పదిహేడూ ఈ కాగితానివి. ఇది పొరపాటున పడ్డది కాదని, ఎవరో చాలా ఓపిగ్గా అమర్చారని, వాళ్ళకి తన ప్రయోగశాలలో ఉద్యోగం ఇచ్చేవాణ్ణని ఆయన అన్నారు.

మడతలు విప్పి చూశాను. మన్నించండి. అది ఒక విజిటింగ్ కార్డు. మీద "తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు" అని అచ్చువేసి ఉంది.

ఆ కార్డులో మోగినది మీ కార్డేనండీ.

ఇట్లు,
మాట నిలబెట్టుకోలేకపోయిన
మూడో బల్ల

తా.క.: ఆవిడ ఇలా ఎందుకు చేశారో నాకొక అనుమానం ఉంది. పోయినసారి అనుమానాలు రాసి సిగ్గుపడ్డాను కనక రాయను.

* * *

మూడో బల్ల అమ్మాయికి,
ఆశీస్సులు.

ఇది నా చివరి ఉత్తరం. కాస్త పొడుగ్గా ఉంటుంది.

గ్రాము అందింది. నా కార్డే. ఉద్యోగంలో ఉన్నప్పుడు వెయ్యి అచ్చువేయించాను. ఒకటి తగ్గిన సంగతి నాకు తెలియలేదు. దాన్ని బల్ల మీద పెట్టుకుని పొద్దంతా చూశాను. ఏమీ తట్టలేదు. మా మరదలికి ఫోన్ చేసి, ఇలా కాగితం, దారం దొరికాయని చెప్పాను. అటునుంచి నవ్వు. ఆగదే!

"దొరికిపోయిందా అక్క!" అంది. "నాకు చూపించింది బావగారూ. ఒట్టు వేయించుకుంది, మీతో చెప్పకూడదని. 'మీ బావకి స్విచ్చి కనిపెట్టానే' అంది. ఆ దారాన్ని బల్ల కింద మేకుకి చుట్టి పెట్టుకునేది. గుమ్మంలో మీ చెప్పుల చప్పుడు వినపడగానే వదిలేసేది."

నీకు అర్థం కావాలంటే నా గురించి ఒక సంగతి చెప్పాలి. నా ఉత్తరాలు చూసి నన్ను మాటల పొదుపరి అనుకుని ఉంటావు. కాదు. నేను వాగుడుకాయని. పగలంతా కొట్లవాళ్ళతో అరిచి, ఇంటికొచ్చి అదంతా మళ్ళీ మా ఆవిడకి మొదటి నుంచి చెప్పేవాణ్ణి. ఎవడు తక్కెడలో సరుకు పళ్ళెం కింద మైనం అంటించాడు, వాడేమన్నాడు, నేనేమన్నాను, నేను ఏమని ఉంటే ఇంకా బాగుండేది. గదిలోకి అడుగు పెట్టగానే ఆమె చేయి ఎత్తేది. "బొమ్మ ఉడుకుతోందండీ. ఇప్పుడు మాట్లాడితే నాకు మెట్ల మీద ఎండ తప్పుతుంది. చప్పుడు ఆగాక చెప్పండి" అనేది. నేను మునివేళ్ళ మీద ముందు గదికి వచ్చి పేపరు పట్టుకుని కూర్చునేవాణ్ణి. నాలుగు గంటలు. ఏడున్నరేళ్ళు.

టెస్టరుని పిలిచి, పాత కార్డులో గోడలు, ఎండతో సహా ఒక ఇంటి బొమ్మ తయారవడానికి ఎంతసేపు పడుతుందని అడిగాను. చేసి చూపించాడు. నలభై నిమిషాలు.

అంటే రోజుకి మూడు గంటల ఇరవై నిమిషాల మోసం. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊళ్ళో ప్రతి తక్కెడా పట్టుకున్నవాణ్ణి. మా ఇంట్లో, నా కార్డుతోనే చేసింది. నేను దాన్ని రెండుసార్లు కొలిచి కూడా పట్టుకోలేదు.

మొదట కోపం వచ్చింది. తర్వాత గొంతులో ఏదో అడ్డుపడింది. దగ్గనుకుని మంచినీళ్ళు తాగాను. దగ్గు కాదు, నవ్వు. చాలా రోజులై, ఎలా మొదలవుతుందో మరిచిపోయాను.

నవ్వు ఆగాక ఒక సంగతి తట్టింది. ఆమె పోయాక రోజూ మధ్యాహ్నం ఆ చప్పుడు పెట్టుకుని ముందు గదిలో కూర్చున్నాను. చివరిసారి లేచి వెళ్ళినప్పుడు ఆమె దారం లాగలేదు. ఆ రోజు కూడా నేను ఏదో చెప్పబోయి ఉంటాను. చప్పుడు వినిపిస్తే ఆమె లోపల ఉన్నట్టుండేది. కానీ ఆమె పద్ధతిలో ఆ చప్పుడుకి అర్థం ఒకటే, "ఇప్పుడు కాదు" అని. చప్పుడు ఆగితే, "ఇక రండి" అని. ఆగాక మాత్రం ఒక్క రోజు కూడా వినకుండా ఉండలేదమ్మా. చేతిలో పని పక్కన పెట్టి, కుర్చీ నా వైపు తిప్పుకుని, మైనం అంటించినవాడి కథ చివరిదాకా వినేది.

నిశ్శబ్దాన్ని నేను తలకిందులుగా చదివాను. నా ఉత్తరం మీరు చదివినట్టే.

కాబట్టి మీ కొత్త కార్డులో లోపం లేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ కొత్త కార్డుని టెస్టరుకి ఇచ్చేశాను. మౌనికి బలమైన మనుషులని పంపండి. ఇంజనీరు గారి తొమ్మిదేళ్ళ కష్టం వృథా కాలేదని, ఆయనకి కనీసం ఒక కస్టమరు రుణపడి ఉన్నాడని చెప్పు. నాలుగో బల్ల కుర్రాడికి అయిదు నక్షత్రాలు అడిగాడు కదా, మూడు ఇస్తున్నాను. శాలువాకి రెండు తగ్గించాను.

మీ అమ్మగారికి ఒంట్లో ఎలా ఉందో రాయి.

ఇట్లు,
ఆశీస్సులతో
ఇన్‌స్పెక్టరు

తా.క.: నిన్న మధ్యాహ్నం పాత కార్డే పెట్టించి కంప్యూటరు ఆన్ చేశాను. కాగితం ముక్క పెట్టలేదు. గదిలోంచి చప్పుడు లేదు. లేచి లోపలికి వెళ్ళాను. ఏడాదిన్నర కబుర్లు పేరుకుపోయి ఉన్నాయి. మీ కంపెనీతో మొదలుపెట్టాను. మూడు గంటలు గడిచేసరికి ఇంకా నీ మొదటి జవాబు దగ్గరే ఉన్నాను.